హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: నొప్పి ఎంత ఉంటుంది, ఎప్పుడు ఉంటుంది, క్లినిక్‌లో ఏం అడగాలి?

"నొప్పి లేదు, కుట్లు లేవు, ఒక్క రోజులో ఇంటికి." విశాఖలో ఏ రోడ్డు మీద చూసినా, ఫోన్‌లో ఏ వీడియో తెరిచినా ఇదే ప్రకటన. మాకవరపాలెం, నర్సీపట్నం వైపు కుర్రాళ్లు కూడా ఇది చూస్తున్నారు. నిఖా కుదరాల్సిన వయసులో మాడు పలచబడితే దిగులే. గల్ఫ్ నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చినవాడికైతే ఈసారి పని అయిపోవాలని తొందర. ఇంట్లో అమ్మీ మాత్రం ఒక్కటే మాట అంటుంది: "తలకాయ నిండా సూదులెందుకురా బేటా?"

అమ్మీ భయంలో కొంత నిజం ఉంది. ప్రకటనలోనూ కొంత నిజం ఉంది. ఆపరేషన్ నడిచే ఆరేడు గంటల్లో ఎక్కువ భాగం నొప్పి తెలియని మాట వాస్తవమే. కానీ ఆ స్థితికి చేరడానికి ముందు పది, పదిహేను నిమిషాలు సూదుల బాధ ఉంటుంది. మందు దిగిపోయాక రాత్రి మళ్లీ కొంత నొప్పి ఉంటుంది. వీటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. నొప్పి తెలియకుండా చేసే ఆ మందే, లెక్క తప్పితే, ఈ ఆపరేషన్‌లో ప్రాణం మీదకు తెచ్చేది. అందుకే "నొప్పి ఉంటుందా?" అన్న ప్రశ్న పక్కనే "నొప్పి తెలియకుండా నాకు ఏం ఇస్తారు, ఎంత ఇస్తారు, ఎవరు ఇస్తారు?" అన్నది కూడా ఉండాలి.

అసలు తలమీద ఏం చేస్తారు?

మగవాళ్లకు వచ్చే బట్టతలలో మాడు మీద, నుదుటి పైన జుట్టు రాలుతుంది గానీ మెడ వెనక, చెవుల పైన ఉండే జుట్టు మామూలుగా నిలుస్తుంది. ఆ వెనక జుట్టును కుదుళ్లతో సహా తీసి ముందు నాటితే అక్కడ కూడా నిలుస్తుంది. ఈ సూత్రాన్ని న్యూయార్క్ చర్మ వైద్యుడు నార్మన్ ఒరెంట్రైచ్ 1950లలో నిరూపించారు. అంతకు ముందే 1939లో జపాన్‌లో షోజి ఒకుడా ఇలాంటి పని చేశారు గానీ, యుద్ధం రోజులు కావడంతో బయటి ప్రపంచానికి చాలా ఏళ్లు తెలియలేదు.

ఇప్పుడు రెండు పద్ధతులున్నాయి. ఎఫ్‌యూటీ అంటే తల వెనక నుంచి సన్నటి చర్మపు పట్టీని కోసి తీసి, అక్కడ కుట్లు వేసి, ఆ పట్టీలోంచి కుదుళ్లను విడదీయడం. ఎఫ్‌యూఈ అంటే మిల్లీమీటరు లోపు వ్యాసం ఉన్న గుండ్రటి పంచ్‌తో ఒక్కొక్క కుదురును విడిగా తవ్వి తీయడం. ఇక్కడ కుట్లు ఉండవు, నిజమే. కానీ 2000 గ్రాఫ్ట్‌లు తీస్తే తల వెనక 2000 చిన్న గాయాలు ఉన్నట్టే. ముందు నాటడానికి మళ్లీ అన్ని గంట్లు పెట్టాలి. "కోత లేదు" అని చెప్పేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

ఇన్ని గంట్లు పెట్టినా మనిషి మెలకువగా కూర్చుని, ఫోన్‌లో క్రికెట్ చూడగలుగుతున్నాడంటే దానికి కారణం తల చర్మానికి వెళ్లే నరాల అమరిక.

కాలవకు కట్టే అడ్డు

నుదురు, మాడు ముందు భాగానికి స్పర్శ తెచ్చే నరాలు కనుబొమల దగ్గర ఎముక అంచున బయటకు వచ్చి పైకి పాకుతాయి. తల వెనక భాగానికి నరాలు మెడ పైభాగం నుంచి వస్తాయి. పక్కలకు చెవుల ముందు, వెనక నుంచి వస్తాయి. అన్నీ కింద నుంచి పైకే. చెరకు పొలానికి నీళ్లు వచ్చే కాలవకు మొదట్లోనే అడ్డు కడితే మడి అంతా ఎండినట్టు, ఈ నరాలు పైకెక్కే చోట తల చుట్టూ ఒక గీతలాగా మత్తు మందు ఎక్కిస్తే ఆ పైభాగం మొద్దుబారుతుంది. దీన్నే రింగ్ బ్లాక్ అంటారు. అంటే సూది బాధ తల అంతటా ఉండదు. వెనక ఒక వరస, ముందు ఒక వరస ఉంటుంది. మొద్దుబారాక పై భాగంలో వేసే సూదులు పెద్దగా తెలియవు.

వాడే మందు సాధారణంగా లిగ్నోకైన్. పన్ను పీకించుకున్నవాళ్లకు, చేతికి కుట్లు వేయించుకున్నవాళ్లకు ఇది పాత పరిచయమే. 1943లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ దీన్ని తయారు చేశారు. మన దగ్గర చాలామంది దీన్ని "మత్తు ఇంజెక్షన్" అంటారు గానీ ఇందులో నిద్ర రాదు. సూది వేసిన చోట మాత్రమే స్పర్శ పోతుంది.

మరి ఆ మొదటి సూదులు ఎందుకు అంత చురుక్కుమంటాయి? గుచ్చుకోవడం ఒక కారణం. అసలు మంట మందుది. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ సీసాలో చెడిపోకుండా ఉండాలని దాన్ని పుల్లగా, అంటే ఆమ్ల గుణంతో ఉంచుతారు. చర్మంలోకి వెళ్లగానే పుండు మీద నిమ్మరసం పడ్డట్టు మండుతుంది. కొద్దిగా సోడియం బైకార్బొనేట్ కలిపితే ఆ పులుపు విరిగి మంట తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మందును ఒంటి వేడికి తెచ్చి వేయడం, బాగా సన్నటి సూది వాడటం, అన్నిటికంటే ముఖ్యంగా నెమ్మదిగా ఎక్కించడం, ఇవన్నీ కలిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. వీటిలో ఏదీ ఖరీదైన పని కాదు. ఓపిక కావాలి, అంతే. రోజుకు నలుగురికి చేసే చోట ఆ ఓపిక దొరకడం కష్టం.

కొందరు డాక్టర్లు సూది వేసే చోటు పక్కనే చిన్న వైబ్రేటర్ పెడతారు, లేదా ఐసు అద్దుతారు. ఇది ఉత్త బుజ్జగింపు అనుకోనక్కరలేదు. మోచెయ్యి గోడకు తగిలితే వెంటనే రుద్దుకుంటాం కదా, రుద్దితే నొప్పి నిజంగానే తగ్గుతుంది. స్పర్శ, కదలిక తెచ్చే నరాల సంకేతాలు వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతానికి దారి ఇరుకు చేస్తాయని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. వైబ్రేటర్ పనిచేసేది ఆ దారిలోనే. పైపూత క్రీములు కూడా ఉన్నాయి. అవి గంట ముందు రాయాలి. పైచర్మం వరకు కొంత ఉపయోగం, లోపలి మంటకు అంతగా కాదు.

చేయించుకున్నవాళ్లలో చాలామంది చెప్పేది, తల వెనక సూదుల కంటే నుదుటి పైన, కణతల దగ్గర సూదులే ఎక్కువ బాధించాయని. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, తుమ్ము వచ్చినట్టు అవుతుంది. కొన్ని నిమిషాలే. ఆ సమయంలో బిగపట్టుకుని ఊపిరి ఆపేయకుండా నెమ్మదిగా శ్వాస తీసుకుంటే మేలు.

మందులో కలిపే అడ్రినలిన్ గురించి ఒక మాట. రక్తనాళాలను ముడిచి రక్తస్రావం తగ్గించడానికి, మత్తు ఎక్కువసేపు నిలవడానికి దీన్ని కలుపుతారు. కొందరికి దీనివల్ల రెండు మూడు నిమిషాలు గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. ఈ సంగతి ముందే తెలియకపోతే ప్రాణం పోతుందేమో అన్నంత భయం వేస్తుంది. చాలావరకు అదే సర్దుకుంటుంది. అయినా చెప్పకుండా ఓర్చుకోకూడదు, డాక్టరు గారికి వెంటనే చెప్పాలి.

మధ్యలో ఆరు గంటలు

మొద్దుబారాక తెలిసేది నొప్పి కాదు. ఒత్తిడి, లాగినట్టు ఉండటం, పంచ్ తిరిగే శబ్దం, కుదురు తీసేటప్పుడు చిన్నగా చిటపట. తల మనదే, ఎవరిదో మీద పని జరుగుతున్నట్టు ఉంటుంది. అసలు ఇబ్బంది మెడకు, నడుముకు, మూత్రాశయానికి. వెనక కుదుళ్లు తీసే రెండు మూడు గంటలు బోర్లా పడుకోవాలి. ముఖం పెట్టుకోవడానికి మధ్యలో ఖాళీ ఉన్న దిండు ఇస్తారు. భుజాలు పట్టేస్తాయి, ముక్కు దిబ్బడ వేస్తుంది. నాటేటప్పుడు వెనక్కి వాలి కూర్చోవాలి, అది కొంచెం నయం. నడుం నొప్పి ఉన్నవాళ్లు, మెడ ఎముకల అరుగుదల ఉన్నవాళ్లు ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. గంటకోసారి కాస్త లేవనివ్వమని అడగడంలో తప్పులేదు.

ఉదయం మొదలుపెడితే జుహర్ మధ్యలో పడుతుంది, ఒక్కోసారి అసర్ కూడా. విరామం ఎప్పుడో ముందే మాట్లాడుకుంటే క్లినిక్ వాళ్లు సర్దుతారు. శుక్రవారం పెట్టుకోకపోవడమే మంచిది. రంజాన్‌లో అయితే అసలు వద్దు. ఖాళీ కడుపుతో మత్తు సూదులు వేయించుకుంటే కళ్లు తిరుగుతాయి, తర్వాత వారం మాత్రలు వేళకు పడాలి, నీళ్లు తాగాలి.

లిగ్నోకైన్ మత్తు రెండు మూడు గంటలకు సన్నగిల్లడం మొదలవుతుంది. కొందరు డాక్టర్లు ఎక్కువసేపు పనిచేసే బుపివకైన్ కూడా కలుపుతారు. మధ్యాహ్నం భోజనం తర్వాత మళ్లీ కొంత మందు ఎక్కించడం మామూలే. చాలామంది నోరు మెదపకుండా భరించేది ఇక్కడే. చురుక్కుమంటున్నా, "మగాడివి, ఈ మాత్రానికేనా" అంటారేమో అని పళ్లు బిగించి పడుకుంటారు. ఆ పౌరుషం ఎవరికీ ఉపయోగం లేదు. నొప్పితో బీపీ పెరుగుతుంది, రక్తం ఎక్కువ కారుతుంది, తల కదిలితే కుదుళ్లు దెబ్బతింటాయి. నొప్పి తెలిసిన వెంటనే "డాక్టర్ గారూ, ఇక్కడ తెలుస్తోంది" అనడం పేషెంటు పని.

లెక్క తప్పితే

ఇప్పుడు అసలు విషయం. లిగ్నోకైన్‌కు ఒక హద్దు ఉంది. అడ్రినలిన్ లేకుండా అయితే కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు, మొత్తం 300 దాటకూడదు. అడ్రినలిన్‌తో అయితే కిలోకు 7 మిల్లీగ్రాములు, మొత్తం 500 దాటకూడదు. 60 కిలోల కుర్రాడిని తీసుకుంటే అడ్రినలిన్ కలిపిన మందు ఒక విడతలో 420 మిల్లీగ్రాములు. 2 శాతం మందులో ఒక్కో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే 21 మిల్లీలీటర్లు. మందుల షాపుల్లో దొరికే 30 మిల్లీలీటర్ల సీసాలో 600 మిల్లీగ్రాములు ఉంటుంది. నీరు కలపకుండా ఆ సీసా మొత్తం ఒకేసారి ఎక్కిస్తే ఎంత బరువున్న మనిషికైనా హద్దు దాటినట్టే. బుపివకైన్ కలిపితే దాని లెక్క కూడా దీనికి కూడుతుంది. అందుకే తెలిసిన డాక్టరు మందును సెలైన్‌తో పలచన చేస్తారు, ఎంత వాడారో ఎప్పుడు వాడారో కాగితం మీద రాస్తారు, మధ్యాహ్నం విడత ఇచ్చే ముందు ఆ కాగితం చూస్తారు.

మోతాదు మించితే శరీరం ముందు చిన్న సూచనలు ఇస్తుంది. నోటి చుట్టూ, నాలుక మీద తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, కళ్లు బైర్లు కమ్మడం, కంగారు, మాట తడబడటం. తర్వాత కండరాలు అదరడం, ఫిట్స్, చివరకు గుండె లయ తప్పడం. మొదటి సూచన దగ్గరే ఆపితే ప్రమాదం తప్పుతుంది. ఇందుకు ఆక్సిజన్, ఫిట్స్ ఆపే మందు, లిపిడ్ ఎమల్షన్ అనే తెల్లటి కొవ్వు ద్రావణం క్లినిక్‌లో ఉండాలి. వాడటం తెలిసినవాళ్లూ ఉండాలి. ఎలర్జీ వేరే సంగతి. లిగ్నోకైన్‌కు నిజమైన ఎలర్జీ చాలా అరుదు గానీ, ఆ రోజు ఇచ్చే యాంటీబయాటిక్‌కో ఇంకో మందుకో తీవ్రమైన ఎలర్జీ రావచ్చు. దానికి తక్షణం ఇవ్వాల్సింది తొడ కండలో అడ్రినలిన్ ఇంజెక్షన్.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 2016 మేలో చెన్నైలో 22 ఏళ్ల వైద్య విద్యార్థి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు వెళ్లి మత్తు ఇచ్చాక ఆరోగ్యం విషమించి చనిపోయాడు. ఆ కేంద్రానికి ఉన్నది సెలూన్ లైసెన్సు అని తర్వాత బయటపడింది. 2019 మార్చిలో ముంబైలో 43 ఏళ్ల వ్యాపారి ఒకే విడతలో 9 వేలకు పైగా గ్రాఫ్ట్‌లు వేయించుకుని, ముఖం వాచి, ఊపిరి అందక మరణించాడు. తీవ్రమైన ఎలర్జీ అయి ఉండొచ్చని చికిత్స చేసిన డాక్టర్లు అన్నారు. 2025 మార్చిలో కాన్పూర్‌లో ఒక ఇంజినీరు చనిపోతే, భార్య పోరాడగా మే నెలలో కేసు నమోదైంది. ఆపరేషన్ చేసిన మనిషి చదివింది దంత వైద్యం. లక్షల మంది చేయించుకునే ఆపరేషన్‌లో ఇలాంటివి అరుదే. కానీ మూడింటిలోనూ చనిపోయినవాళ్లు జబ్బు మనుషులు కాదు. జుట్టు కోసం నడిచి వెళ్లినవాళ్లు.

ఢిల్లీలో కూడా ఇలాంటి మరణం కోర్టు దాకా వెళ్లాక, 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. చర్మ వైద్యంలో గానీ ప్లాస్టిక్ సర్జరీలో గానీ పీజీ చదివి, ఈ పనిలో శిక్షణ పొందిన డాక్టరే బాధ్యత తీసుకోవాలని, సహాయకులు డాక్టరు పర్యవేక్షణలోనే పనిచేయాలని అందులో ఉంది. యూట్యూబ్ చూసి నేర్చుకుంటే సరిపోదని కూడా ఆ కాగితంలో రాయాల్సి వచ్చింది. పరిస్థితి ఎంత దూరం పోయిందో ఆ ఒక్క వాక్యం చాలు.

మన రాష్ట్రంలో ప్రైవేటు క్లినిక్ ఏదైనా 2002 నాటి చట్టం కింద రిజిస్టరై ఉండాలి. ఆ సర్టిఫికెట్ గోడ మీద కనిపించాలి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. నంబరు అడిగితే ముఖం చిట్లించే చోట తల పెట్టకపోవడం మంచిది.

క్లినిక్‌లో ముందు మాట్లాడేది సాధారణంగా కౌన్సెలర్. వీళ్లు మర్యాదగా, చనువుగా మాట్లాడతారు, ఈఎంఐ లెక్కలు చెబుతారు. వాళ్లతో మాట ముగించి వచ్చేయకూడదు. మత్తు సూది వేసే మనిషిని చూడాలి. "నా బరువుకు ఎంత మందు వరకు ఇవ్వొచ్చు?" అని ఆ మనిషినే అడగాలి. సమాధానం అంకెల్లో రావాలి. "అదంతా మేం చూసుకుంటాం భాయ్" అంటే అది సమాధానం కాదు. "నిద్రపుచ్చి చేస్తాం, ఏమీ తెలియదు" అని ఎవరైనా అంటే, మత్తు డాక్టరు చివరి వరకు పక్కనే ఉంటారా, ఆక్సిజన్ శాతం చూపే మానిటర్ ఉందా అని అడగాలి. ఆందోళన తగ్గడానికి చిన్న మాత్ర ఇవ్వడం వేరు, నిద్రపుచ్చడం వేరు. ఈ ఆపరేషన్‌కు పూర్తి మత్తు సాధారణంగా అవసరమే లేదు.

ఇంటి నుంచి కూడా కొన్ని చెప్పాల్సినవి ఉన్నాయి. షుగర్, బీపీ, రక్తం పలచబడే మందులు, ఆస్పిరిన్, పాత ఎలర్జీలు. తలనొప్పికో దడకో ప్రొప్రనొలాల్ లాంటి మాత్ర వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, అడ్రినలిన్‌తో కలిసి అది బీపీని అమాంతం పెంచగలదు. తలమీద హిజామా చేయించుకునే అలవాటు ఉంటే అదీ చెప్పాలి. ఆపరేషన్ దగ్గరలో తలమీద హిజామా కూడదు.

ఇంటికి వచ్చాక

మాకవరపాలెం నుంచి విశాఖ వెళ్లి చేయించుకుంటే తిరుగు ప్రయాణం గురించి కూడా ఆలోచించాలి. తాళ్లపాలెం దాకా జాతీయ రహదారి మీద బాగానే ఉంటుంది, అక్కడి నుంచి కుదుపులు. హెల్మెట్ పెట్టకూడదు కాబట్టి బండి మీద రావడం కుదరదు. బస్సు కిటికీకి తల తగిలినా నాటిన కుదుళ్లు ఊడొచ్చు. ఆ రాత్రి విశాఖలో తెలిసినవాళ్ల ఇంట్లో ఉండి, మర్నాడు డాక్టరుకు చూపించి కారులో రావడం నయం. మత్తు దిగేది కూడా ఆ రాత్రే.

దిగాక తల వెనక కాలినట్టు, ఎండకు మాడినట్టు మంట. దిండు తగిలితే చురుకు. ఎఫ్‌యూటీ అయితే కుట్ల దగ్గర బిగుతు కూడా ఉంటుంది, అది కొన్ని రోజులు ఉంటుంది, కుట్లు పది, పద్నాలుగు రోజులకు తీస్తారు. ఎఫ్‌యూఈ నొప్పి చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. పారాసెటమాల్‌తో సరిపోతుంది. సొంతంగా ఆస్పిరిన్ వేసుకోకూడదు, రక్తం కారుతుంది. తల ఎత్తుగా ఉండేలా, మెడ కింద చిన్న దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. నాలుగైదు రాత్రులు నిద్ర సరిగా పట్టదు. చేయించుకున్నవాళ్లు నొప్పి కంటే దీన్నే ఎక్కువ తలుచుకుంటారు.

రెండో రోజు నుంచి నుదురు వాస్తుంది. వాపు కిందకు దిగి కళ్లు మూసుకుపోయేంత కావచ్చు. అద్దంలో చూసుకుంటే భయం వేస్తుంది గానీ నొప్పి పెద్దగా ఉండదు. తలలోకి ఎక్కించిన ద్రవమే కిందకు జారుతుంది, వారంలోపు తగ్గుతుంది. తల వంచితే ఈ వాపు పెరుగుతుంది. అందుకే సజ్దా గురించి డాక్టర్లను చాలామంది అడుగుతారు. మొదటి కొద్ది రోజులు తల నేలకు ఆనించవద్దనే వాళ్లు చెబుతారు. జబ్బులో కూర్చుని, సైగతో నమాజ్ చేసుకునే వెసులుబాటు ఉంది. వుజూలో గాయం ఉన్న తలమీద మసహ్ ఎలా చేయాలన్నది మసీదులో ఇమాం సాహెబ్‌ను ముందే అడిగి తెలుసుకుంటే ఆ రోజు ఇబ్బంది ఉండదు. ఉమ్రాకు వెళ్లే ఆలోచన ఉంటే ఆ తేదీ కూడా డాక్టరుకు చెప్పాలి. కొత్తగా నాటిన తలమీద రేజరు పెట్టడానికి చాలా రోజులు ఆగాలి.

టోపీ బిగుతుగా ఉండేది వద్దు. డాక్టరు ఒప్పుకున్నాక, ఉతికిన వదులు టోపీ మాత్రమే. కలోంజీ నూనె, ఆముదం, అత్తరు, ఏవీ గాయం మానేదాకా తలకు తగలకూడదు. ప్రేమతో రాయబోయే పెద్దవాళ్లకు ఈ మాట కాస్త గట్టిగానే చెప్పాలి.

మూడో రోజు తర్వాత నొప్పి స్థానంలో దురద వస్తుంది. పొక్కులు కట్టి పది రోజుల్లో రాలతాయి. ఈ దురద నొప్పి కంటే ఎక్కువ విసిగిస్తుంది. గోకితే మాత్రం డబ్బు, బాధ రెండూ వృథా. సెలైన్ స్ప్రే, డాక్టరు చెప్పిన పద్ధతిలో తలస్నానం దానికి మందు. తల వెనక, మాడు మీద మొద్దుబారినట్టు ఉండటం కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా ఉండొచ్చు. దువ్వెన పెట్టినా తెలియదు. తెగిన సన్న నరాలు మళ్లీ పెరిగేకొద్దీ చీమలు పాకినట్టు అనిపిస్తూ స్పర్శ తిరిగి వస్తుంది. నాటిన వెంట్రుకలు మూడు నాలుగు వారాలకు రాలిపోతాయి. ఆపరేషన్ పోయిందని చాలా ఇళ్లలో ఏడుపులు మొదలయ్యేది అప్పుడే. కుదురు లోపలే ఉంటుంది, మూడు నాలుగు నెలలకు కొత్త వెంట్రుక వస్తుంది, పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది పడుతుంది.

సెలవు మీద వచ్చినవాళ్లకు, గల్ఫ్ నుంచి ఇస్తాంబుల్ వెళ్లి చేయించుకుని ఊరికి వచ్చేవాళ్లకు ఇక్కడే చిక్కు. చేసిన డాక్టరు అందుబాటులో ఉండరు, వాట్సాప్‌లో ఫొటో పంపితే "నార్మల్" అని జవాబు. ఏది మామూలో, ఏది కాదో ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి. నొప్పి రోజురోజుకు తగ్గాలి. మూడో రోజు తర్వాత పెరుగుతుంటే, జ్వరం వస్తే, చీము గానీ దుర్వాసన గానీ ఉంటే, నాటిన చోట చర్మం నల్లబడుతుంటే అది మామూలు కాదు. ఆ రోజే చూపించాలి. చేసిన క్లినిక్ దూరమైతే నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికో, విశాఖ కేజీహెచ్ చర్మవ్యాధుల విభాగానికో వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆపరేషన్ రోజు ఏ మందులు, ఎంత మోతాదు వాడారో రాసిన కాగితం చేతిలో ఉండాలి. ఆ కాగితాన్ని క్లినిక్ నుంచి బయలుదేరేటప్పుడే అడిగి తీసుకోవాలి.